పర్మిషన్ తీసుకున్నారా?

కోస్తా జిల్లాల్లో దినపత్రికల జోన్ పేజీ తిరగేసేవాళ్లకు ఈ వార్త కొత్త కాదు. నాలుగైదు వాక్యాలు, ఫొటో ఉండదు. ఫలానా సబ్ డివిజన్‌లో నెలాఖరు దాకా పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉంటుందని, ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేస్తే చర్యలు తప్పవని డీఎస్పీ ఒక ప్రకటనలో తెలిపారు. నెల మారుతుంది, తేదీలు మారతాయి, ఒక్కోసారి డీఎస్పీ కూడా మారతారు. వార్త మాత్రం అదే. మా రాయవరం సెంటర్‌లో టీ తాగుతూ పేపరు చదివే పెద్దమనిషి ధాన్యం రేటు చూస్తాడు, ఎవరు పోయారో చూస్తాడు, దీన్ని దాటేస్తాడు. పౌరహక్కులంటే మనకు ఎమర్జెన్సీ గుర్తొస్తుంది, ఎన్‌కౌంటర్లు గుర్తొస్తాయి. అవి పెద్ద విషయాలే. కానీ అడవి మొహం ఎరగని, రాజకీయాల్లో లేని డెల్టా రైతుకు, కూలీకి, కాలేజీ కుర్రాడికి హక్కు తెగేది ఈ నాలుగు వాక్యాల దగ్గరే.

సెక్షన్ 30 అనేది 1861 నాటి పోలీసు చట్టంలోది. 1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే రాసుకున్న చట్టం. అందులో ఉన్నది చదివితే ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే పేపర్లో వచ్చేంత కఠినంగా అది లేదు. రోడ్ల మీద ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో చెప్పే అధికారం పోలీసులకు ఉంది. అదుపు లేకపోతే శాంతిభద్రతలకు భంగం కలుగుతుందని నమ్మినప్పుడు లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వొచ్చు. ఆ లైసెన్సుకు ఫీజు తీసుకోకూడదు. పండగలప్పుడు వీధుల్లో మేళతాళాలు ఎంతవరకో కూడా చెప్పొచ్చు. తప్పితే జరిమానా 200 రూపాయలకు మించదు. అంటే దారి చూపించే అధికారమే తప్ప దారి మూసేసే అధికారం కాదు. నెలనెలా, సబ్ డివిజన్ మొత్తానికి, ఎవరి ఊరేగింపు వల్ల ఏం ముప్పో చెప్పకుండా కొట్టే గంపగుత్త ప్రకటనకు ఆ మాటల్లో చోటెక్కడుందో నాకు అర్థం కాదు.

అమలు ఎలా ఉంటుందో మా వైపు సభ పెట్టుకోబోయిన ఎవరినడిగినా చెబుతారు. కౌలురైతుల మీటింగు అనుకోండి. అర్జీ రాసుకుని స్టేషన్‌కి వెళతారు. అర్జీ తీసుకుంటారు, అందినట్టు సంతకం పెట్టరు. "పైవాళ్లతో మాట్లాడి చెబుతాం లెండి" అంటారు. సభ ముందు రోజు సాయంత్రం ఫోన్ వస్తుంది: "ఇప్పుడొద్దండీ, వచ్చే నెల చూద్దాం." అప్పటికే షామియానా వాడికి అడ్వాన్సు ఇచ్చేశారు, కరపత్రాలు పంచేశారు. కాదన్నట్టు కాగితం లేదు. కాగితం లేనిదే హైకోర్టులో సవాలు చేయడానికి ఆధారమేముంది? ఈ మొత్తం వ్యవహారంలో చట్టం తక్కువ, ఫోన్ ఎక్కువ. నా దృష్టిలో అసలు జబ్బు చట్టం కఠినంగా ఉండటం కాదు. నిరాకరణ నోటిమాటగా ఉండిపోవడం.

ఫోన్ మాట లెక్కచేయకుండా సభ పెట్టారనుకుందాం. 200 రూపాయల జరిమానాతో పోదు. ప్రభుత్వోద్యోగి ఉత్తర్వు ధిక్కరించారని ఐపీసీ 188 కింద కేసు రాసేవారు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయసంహితలో 223. ఈ కేసును కోర్టు తీసుకోవాలంటే సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని చట్టం చెబుతుంది. ఆ మెలిక సంగతి కేసులో ఇరుక్కున్న కుర్రాడికి తెలిసేదెప్పుడు? పాస్‌పోర్టుకు పెట్టుకున్నప్పుడు. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపొచ్చని 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలో ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప ఫైలు కదలదు. కువైట్‌కో, అమెరికాకో పంపడానికి పొలం తాకట్టు పెట్టే ఊళ్లలో ధర్నాలో కూర్చోవడానికి అసలు శిక్ష ఇది. అందుకే తల్లిదండ్రులు పిల్లల్ని ఊరేగింపుల దరిదాపులకు వెళ్లనివ్వరు. దీన్ని మనవాళ్లు రాజకీయ చైతన్యం తగ్గడం అంటారు. నేనైతే లెక్క చూసుకోవడం అంటాను.

పెద్ద ఊరేగింపుల కథ ఇంకోలా ఉంటుంది. వాళ్లకు లాయర్లున్నారు, కోర్టుకు వెళ్లగలరు. అయినా ఆగిపోతారు. 2022 సెప్టెంబరు 12న అమరావతి రైతులు అరసవల్లికి బయల్దేరిన మహాపాదయాత్ర అక్టోబరు 22న రామచంద్రపురంలో, రాయవరానికి పక్క ఊళ్లోనే, ఆగింది. హైకోర్టు 600 మందికి అనుమతించింది. పోలీసులు ఒక్కొక్కరి గుర్తింపు కార్డు చూపించమన్నారు. నవంబరు 1న హైకోర్టు కూడా షరతులు సడలించలేదు. నడిచేవాళ్లు 600 మందే, సంఘీభావం చెప్పేవాళ్లు రోడ్డు పక్కన ఉండాలంది. ప్రభుత్వం మారింది. 2025 జూలైలో జగన్మోహన్ రెడ్డి బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు వెళితే 500 మందికి మించకూడదన్నారు. అప్పుడు 600 అన్నది అన్యాయమన్నవాళ్లు ఇప్పుడు 500 సబబే అన్నారు. అప్పుడు శాంతిభద్రతలన్నవాళ్లు ఇప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అన్నారు. స్వేచ్ఛను మన పార్టీలు ప్రతిపక్షంలో కొనుక్కుని, అధికారంలో అటకెక్కిస్తాయి.

ఈ మధ్యలో ఒక మంచి తీర్పు వచ్చింది, దానికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయారు. మర్నాడే హోంశాఖ జీవో నంబర్ 1 ఇచ్చింది. సెక్షన్ 30 ఆధారంగా రోడ్ల మీద సభలు వద్దంది. సీపీఐ నాయకుడు కె. రామకృష్ణ హైకోర్టుకు వెళ్లారు. 2023 మే 12న ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ డీవీఎస్ఎస్ సోమయాజులు ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. తొక్కిసలాట నిజం, చావులు నిజం. అయితే జనం తొక్కిసలాటలో చనిపోతే బారికేడ్లు, దారులు, సంఖ్య చూసుకోవాలి. రోడ్డే మూసేయడం సులభమైన పని కాబట్టి చేశారు.

1972లో హిమత్ లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అహ్మదాబాద్ పోలీసు కమిషనర్ పెట్టిన రూలు కొట్టేసింది. బహిరంగ సభకు అనుమతి ఎప్పుడివ్వాలో, ఎప్పుడివ్వకూడదో ఆ రూలు చెప్పదు, అంతా అధికారి ఇష్టం. అది చెల్లదంది. అంతకు మూడేళ్ల ముందు, 1969 మార్చిలో, అమెరికా సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1963 గుడ్ ఫ్రైడే నాడు అనుమతి లేకుండా నల్లవాళ్ల ఊరేగింపు నడిపినందుకు రెవరెండ్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్‌కు శిక్ష పడింది. కొలమానం లేకుండా అధికారి చేతిలో అనుమతి పెట్టే నిబంధనే రాజ్యాంగానికి విరుద్ధమని, దాన్ని ఉల్లంఘించినందుకు శిక్ష వేయడానికి లేదని తేల్చారు. రెండు దేశాలూ ఒకే మాట మీదికొచ్చాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. అక్కడ నగరాలు తమ పర్మిట్ నిబంధనలు తిరగరాసుకోక తప్పలేదు. ఇక్కడ తీర్పు లా రిపోర్టుల్లో ఉంది, స్టేషన్‌లో పాత పద్ధతే ఉంది.

ఇంతకీ రాయవరం కోనసీమేనా అని అమలాపురం వాళ్లు నవ్వేవారు. గౌతమికి ఇవతల ఉన్న ఊరు, లంకలు లేవు, పడవ దాటే పని లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు గీసినప్పుడు రామచంద్రపురం డివిజన్‌తో పాటు కోనసీమలో కలిపారు. జిల్లా పుట్టిన యాభై రోజులకే దాని పేరు మీద నిప్పు రాజుకుంది. మే 18న జిల్లాకు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజులు గడువు పెట్టింది. మే 24న అమలాపురంలో నిషేధాజ్ఞలు అమల్లో ఉండగానే ఊరేగింపు బయల్దేరింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాల్చారు, పోలీసుల మీద రాళ్లు పడ్డాయి.

ఇక్కడ పౌరహక్కులవాళ్లకు ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది, దాటేయకూడదు. అంబేడ్కర్ పేరు వద్దనే హక్కు కూడా హక్కేనా? అవును. అభ్యంతరం చెప్పమని ప్రభుత్వమే 30 రోజులిచ్చింది. ఆ మాట వినడానికి చేదుగా ఉన్నా, చెప్పేవాడి మనసులో కులం ఉన్నా, అభ్యంతరం చెప్పడం నేరం కాదు. ఇల్లు తగలబెట్టడం నేరం. ఈ రెంటికీ మధ్య గీత గీయడమే పోలీసు పని. నిషేధాజ్ఞలు ఆ గీత గీయవు. అర్జీ పట్టుకెళ్లేవాణ్నీ పెట్రోలు పట్టుకెళ్లేవాణ్నీ ఒకే గాట కడతాయి. ఆ రోజు అర్జీవాడు ఇంట్లో ఉండిపోయాడు, పెట్రోలువాడు రోడ్డెక్కాడు.

తర్వాత మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. విడతలవారీగా తిరిగిచ్చారు. కొన్నిచోట్ల దాదాపు రెండు వారాలు లేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని గోదావరి దాటి సిగ్నల్ ఉన్న ఊరికి వెళ్లారు. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లల్లో పనిచేసే తల్లులతో పిల్లలు మాట్లాడేది ఐఎంవోలో. ఆ మాటలు ఆగాయి. కొబ్బరికాయల కొట్టు నుంచి మందుల షాపు దాకా ఫోన్‌పే మీద నడిచే లావాదేవీలు నిలిచాయి. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా అనలేదు. ఇల్లు కాల్చినవాళ్లకూ ఇంటర్నెట్ లేదు, ఏ దళితవాడ మీద ఎప్పుడు దాడి జరుగుతుందోనని భయపడ్డవాళ్లకూ లేదు. సాయం కోసం ఎవరికైనా వీడియో పంపే దారి కూడా వాళ్లకు మూసుకుపోయింది.

ఇంటర్నెట్ ఆపడానికి రూళ్లు లేకపోలేదు. 2017 నిబంధనల ప్రకారం రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వివ్వాలి, కారణాలు రాయాలి, అయిదు పనిదినాల్లో సమీక్షా కమిటీ చూడాలి. 2020 జనవరి 10న కశ్మీర్‌కు సంబంధించిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఉత్తర్వులు ప్రచురించాల్సిందేనంది, నిరవధికంగా ఆపడానికి వీల్లేదంది. అదే ఏడాది నవంబరులో ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదని సవరణ వచ్చింది. 2023 టెలికాం చట్టం కింద 2024లో వచ్చిన కొత్త నిబంధనలూ అదే దారిలో ఉన్నాయి. వినడానికి బాగుంది. సమీక్షా కమిటీలో ఎవరుంటారో చూడండి: ప్రధాన కార్యదర్శి, మరో ఇద్దరు కార్యదర్శులు. ఒక కార్యదర్శి రాసినదాన్ని ముగ్గురు కార్యదర్శులు చూస్తారు. బయటి మనిషి ఒక్కరూ లేని సమీక్షను సమీక్ష అనడం నాకు ఒప్పుదల కాదు.

2022 ఆగస్టులో జిల్లా పేరు ఖరారైంది. 2023 మార్చిలో, సామాజిక వర్గాల పెద్దలతో మాట్లాడాక, అమలాపురం కేసులు ఎత్తేస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. కేసు ఉపసంహరణకు కోర్టు అనుమతి కావాలి. ప్రాసిక్యూటర్ తన బుద్ధితో ఆలోచించి అడగాలని చట్టం. ఆచరణలో కేసు పెట్టడమూ దయే, ఎత్తేయడమూ దయే. ఇల్లు కాలినవాడి హక్కు ఆ సమావేశంలో లేదు. అల్లర్లలో లేకపోయినా ఎఫ్ఐఆర్‌లో పేరెక్కినవాడికి తాను నిర్దోషినని తేల్చుకునే హక్కూ లేదు. ఇద్దరికీ న్యాయం కాదు, రాజీ దక్కింది.

డెల్టాలో స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ గుండు ప్రస్తావన తేకపోతే మాట పూర్తి కాదు. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల్ని హింసించి, ఇద్దరికి గుండు కొట్టించారన్న కేసులో అప్పటి ఎమ్మెల్యే తోట త్రిమూర్తులుకు 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 18 నెలల జైలు విధించింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. తీర్పు నాటికి ఆయన ఎమ్మెల్సీ, రాయవరం మండలం ఉన్న మండపేట నియోజకవర్గం నుంచి అసెంబ్లీ అభ్యర్థి. కింది కోర్టు తీర్పుకే 27 ఏళ్లు దాటింది. 2020 జూలైలో సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు, మీసం గీయించారు. ఎస్సై అరెస్టయ్యారు. ఆ యువకుడు చివరికి రాష్ట్రపతికి ఉత్తరం రాసుకున్నాడు. గాంధీగారి రోజుల్లో గౌతమీ సత్యాగ్రహాశ్రమం వెలిసిన సీతానగరమే అది. అరెస్టు ఎలా చేయాలో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమని 2020 డిసెంబరులో చెప్పింది. అవి పనిచేయడం లేదని 2025 సెప్టెంబరులో తనంతట తానే మళ్లీ కేసు తీసుకోవాల్సి వచ్చింది. ఇక రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను 2021లో కర్నూలుకు తీసుకెళ్లారు. రాయవరం కూలీ అక్కడికి వెళ్లి రావడానికి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలో కమిషన్‌ను అక్కడ పెట్టినవాళ్లు లెక్కేసుకున్నారా?

తెలుగు నేల మీద పౌరహక్కుల ఉద్యమానికి పెద్ద చరిత్రే ఉంది. దేశంలో మొదటి పౌరహక్కుల సంఘాన్ని 1936లో నెహ్రూ పెట్టించారు, ఠాగూర్ అధ్యక్షులు. 1920లో పుట్టిన అమెరికన్ సంఘం నెహ్రూ కళ్ల ముందుంది. దాన్ని నడిపిన రోజర్ బాల్డ్విన్‌తో ఆయనకు 1927 బ్రస్సెల్స్ సభ నాటి పరిచయం. స్వాతంత్ర్యం వచ్చాక అదే నెహ్రూ ప్రభుత్వం నిర్బంధ చట్టాలు చేసింది. ప్రతిపక్షం, అధికారం అన్న పాత కథ అక్కడే మొదలు. డెబ్భైల్లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం వచ్చింది. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ పనిచేసింది. కన్నబిరాన్ కోర్టుల్లో, బాలగోపాల్ ఊళ్లలో తిరిగి చేసిన పని తెలుగువాళ్ల ఆస్తి. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో ఆ సంఘంలో పనిచేసిన పిల్లల డాక్టర్ రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే చంపారు. 1998లో బాలగోపాల్ సంఘం నుంచి బయటికొచ్చి, మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. రాజ్యం చేసే హింసనే కాక, కులం, కుటుంబం, ఉద్యమాలు చేసే హింసను కూడా హక్కుల తూకంలోనే వేయాలన్నది ఆయన వాదన. వెంకటాయపాలెం, అమలాపురం చూశాక ఆ వాదన ఎంత అవసరమో తెలుస్తుంది. ఈ రెండు చోట్లా మొదటి దెబ్బ పోలీసుది కాదు.

ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2014లో తన మార్గదర్శకాలు తాను ఇచ్చింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితుల్ని కాల్చిచంపిన పోలీసుల మీద జనం పూలు చల్లారు. ఆ కాల్పులు ఆత్మరక్షణ కోసం కావని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చేసరికి పూలు చల్లినవాళ్లలో ఎందరికి ఆ సంగతి పట్టింది?

అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది వాక్‌స్వాతంత్ర్యపు ఉపన్యాసం కాదు, 1871 నాటి ఒక చట్టం. ప్రభుత్వాధికారి రాజ్యాంగ హక్కు కాలరాస్తే అతని మీద నేరుగా నష్టపరిహారం దావా వేయొచ్చు. కోర్టులు తర్వాత దానికి మినహాయింపుల కంచె కట్టాయి. హక్కు అంతకుముందే స్పష్టంగా తేలి ఉంటే తప్ప అధికారి బాధ్యుడు కాడన్నాయి. జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020లో కొలరాడో ఆ కంచె కొంత పీకింది. పోలీసు సదుద్దేశంతో చేయలేదని తేలితే తీర్పు సొమ్ములో ఐదు శాతం లేదా 25,000 డాలర్లు, ఏది తక్కువైతే అది, సొంత జేబు నుంచి కట్టాలంది. మనకు పరిహారం రిట్ పిటిషన్‌లో, న్యాయమూర్తి విచక్షణ మీద వస్తుంది. 1993 నీలాబతి బెహరా తీర్పు దానికి పునాది. మూడు వందల మందిని ఒక రాత్రి స్టేషన్‌లో కూర్చోబెట్టి పొద్దున్నే పంపేస్తే ఎవరు ఎవరికి ఎంత కట్టాలో ఏ చట్టంలోనూ లేదు.

అమెరికాను పొగుడుతూ పోతే మన పిల్లలే నవ్వుతారు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డులు కంప్యూటర్లో రద్దయ్యాయి. చాలామందికి ముందు నోటీసు లేదు, కారణం తెలియదు. తెలుగు విద్యార్థులూ అందులో ఉన్నారు. జిల్లా కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి స్టే ఇస్తే నెలాఖరుకు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. ఇప్పుడు మా వైపు కుర్రాడు ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసేముందు ఇద్దరికి భయపడాలి, ఇక్కడి ఎస్సైకి, హైదరాబాద్‌లో ఉన్న అమెరికా కాన్సులేట్‌కి. 2015లోనే ఐటీ చట్టంలోని 66ఏ కొట్టేశారన్న సంగతి ఆ భయాన్ని తగ్గించలేదు. గోదావరికి అవతల నరసాపురం ఎంపీనే 2021 మేలో మాటల మీద రాజద్రోహం కేసులో అరెస్టయి సుప్రీంకోర్టులో బెయిలు తెచ్చుకున్నాక, డిగ్రీ కుర్రాడి ధైర్యమెంత? అయినా ఆ వీసా వ్యవహారంలో ఒకటి గమనించాలి. రద్దు రికార్డులో ఉంది కాబట్టి రోజుల్లో సవాలు చేయగలిగారు. ఫోన్‌లో చెప్పి ఉంటే చేయగలిగేవారు కాదు.

కాబట్టి నేను అడిగే సంస్కరణలు చప్పగా ఉంటాయి. అర్జీ ఇచ్చిన వెంటనే రసీదు. సభకు మూడు రోజుల ముందే కారణాలతో రాతపూర్వక జవాబు. రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ప్రతి నిషేధాజ్ఞ, ప్రతి ఇంటర్నెట్ ఉత్తర్వు అదే రోజు కలెక్టరేట్ వెబ్‌సైట్లో, మండలాఫీసు గోడ మీద. ఇంటర్నెట్ సమీక్షా కమిటీలో రిటైర్డు జడ్జి ఒకరు. మానవ హక్కుల కమిషన్ ఏడాదికి కొన్నిసార్లైనా జిల్లాకేంద్రాల్లో కూర్చోవడం. శాంతియుతంగా కూర్చున్నందుకు పెట్టిన 188 లేదా 223 కేసు ఏడాదిలో తేలకపోతే మూసేయడం. పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం, ఇంటర్నెట్ కమిటీ తప్ప మిగతావాటికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. 2006 ప్రకాశ్ సింగ్ తీర్పు తర్వాత కేరళ 2011లో సొంత పోలీసు చట్టం రాసుకుంది. మన దగ్గర 1861 చట్టం మీదనే డీఎస్పీ ప్రకటనలు వస్తున్నాయి. 2029 ఎన్నికల మేనిఫెస్టోలో సెక్షన్ 30 మాట పెట్టమని రెండు వైపులా అడగొచ్చు. పోలీసు షరతుల అనుభవం ఇప్పుడు ఇద్దరికీ ఉంది.